చీకటి వంటింట్లో కింద ఏం వేయించాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, మొదటి అంతస్తు. వంటిల్లు 8 అడుగులు, 10 అడుగులు. ఉన్న ఒక్క కిటికీ డక్టులోకి తెరుచుకుంటుంది, మధ్యాహ్నం పన్నెండింటికి కూడా లైటు వేస్తేగానీ బియ్యంలో రాళ్లు కనపడవు. పాత టైల్స్ నాలుగైదు చోట్ల పగిలాయని మొత్తం మార్పిద్దామనుకున్నాం. షాపులో అబ్బాయి తెల్లగా అద్దంలా మెరిసేవి వేయించుకోండి మేడమ్, వెలుతురు రెట్టింపవుతుంది అంటున్నాడు. మా వారు మురికి కనపడదు కదా, నల్ల గ్రానైట్ వేయిద్దాం అంటున్నారు. మా అత్తగారికి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, అయినా పొద్దున్నే కాఫీ ఆవిడే కలుపుకుంటారు. ఏది వేయించమంటారు?
– ఎస్.ఎల్., హైదరాబాద్

జవాబు: రెండూ వద్దండీ. లేత రంగుది, మెరవనిది తీసుకోండి. మీగడ రంగు, గంధం రంగు, లేత ఇసుక రంగు, వీటిలో మీకు ఏది నచ్చితే అది, మ్యాట్ గానీ శాటిన్ గానీ ఫినిష్ ఉన్న విట్రిఫైడ్ టైల్. ఎందుకో కూడా చెబుతాను, అది తెలియకుండా షాపులో అడుగుపెడితే మళ్లీ మెరిసేదాని మీదికే చెయ్యి పోతుంది.

మెరుపు వేరు, వెలుతురు వేరు. అద్దంలాంటి టైల్ మీద ట్యూబులైటు పడితే ఆ లైటు నీడ ఒక తెల్లటి చారలాగా నేల మీద కనపడుతుంది, మీరు కదిలితే అదీ కదులుతుంది. ఆ చార పక్కన నేల ఎలా ఉందో అలానే ఉంటుంది, పైగా చార కళ్లలో కొట్టి పక్కనున్నది ఇంకా కనపడకుండా చేస్తుంది. షాపు అబ్బాయి చెప్పింది పూర్తిగా తప్పని అనను, తెల్ల టైల్ వెలుతురు ఇస్తుంది నిజమే, కానీ ఇచ్చేది దాని లేత రంగు. అదే లేత రంగు మ్యాట్‌లో తీసుకుంటే పడ్డ వెలుతురు అన్ని వైపులకీ చెదిరి గట్టు కిందకీ, సింకు కింద మూలకీ, సిలిండర్ వెనక్కీ కాస్త కాస్త చేరుతుంది, కళ్లలో కొట్టేది మాత్రం ఉండదు.

రంగు ఎంత వెలుతురు వెనక్కి పంపుతుందో చెప్పడానికి ఎల్‌ఆర్‌వీ అని ఒక లెక్క ఉంది, 0 నుంచి 100 దాకా. నలుపు 5 లోపే ఉంటుంది, మంచి తెల్ల పెయింట్ 80 దాటుతుంది, మీగడ రంగులు సుమారు 60 నుంచి 70 మధ్య తిరుగుతాయి, మధ్యరకం బూడిద రంగు 30 దగ్గర ఆగిపోతుంది. పెయింట్ కంపెనీల షేడ్ కార్డుల్లో ఈ అంకె చాలాసార్లు వేసే ఉంటుంది, టైల్స్‌కి అడిగితేగానీ చెప్పరు. మీ వారు అంటున్న నల్ల గ్రానైట్ సంగతి దీంతోనే తేలిపోతుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ అంటే నాకూ ప్రాణమే, నలుపులో ఆ బంగారు చుక్కలు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది, దాన్ని గట్టు మీద వేయించుకోండి, నిమ్మరసానికీ చింతపండుకీ చెక్కుచెదరదు. కింద మాత్రం వద్దు. మీ వంటింట్లోకి వచ్చేదే గుక్కెడు వెలుతురు, దాన్ని నేలే తాగేస్తే మీకేం మిగులుతుంది?

ఇక మురికి కనపడదు అనే మాట. కనపడకపోవడం లాభమని అందరూ అనుకుంటారు, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. తెనాలిలో మా అమ్మ వాళ్లింట్లో వంటింటికి కడప నల్ల బండలు ఉండేవి. కిటికీ పక్కవాళ్ల పెరట్లోకి ఉండేది కాబట్టి మొదట్లో ఇబ్బంది లేదు, తర్వాత వాళ్లు అక్కడ గోడ లేపి మేడ కట్టుకున్నారు, మా వంటింట్లో సాయంత్రం నాలుగింటికే పొద్దుగూకేది. ఒకరోజు అమ్మ గంజి వార్చింది, గిన్నె అంచు నుంచి నాలుగు చుక్కలు కింద పడ్డాయి. నల్ల బండ మీద గంజి తెల్లగా కనపడాలి కదా అనిపిస్తుంది, కానీ పల్చటి గంజి నీళ్లలానే ఉంటుంది, ఆ చీకట్లో బండకీ దానికీ తేడా తెలియలేదు. పొయ్యి దగ్గర్నుంచి రెండడుగులు వేసిందో లేదో కాలు జారింది, మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టుతోనే ఉంది. ఆ ఆరు వారాలూ నేను ఆ వంటింట్లోనే వండాను. పడ్డ ఆవాలు కనపడవు, పగిలిన గ్లాసు ముక్క కనపడదు, బొద్దింక కాలి మీదికి ఎక్కితేగానీ తెలియదు. ముసలివాళ్లు నడిచే వంటింట్లో కింద పడింది కనపడి తీరాలి, అప్పుడే తుడుస్తాం. మీ అత్తగారి పేరు చెప్పి మీ వారిని ఒప్పించండి, ఇది నిజంగా ఆవిడ కోసమే.

అయితే పాలలాంటి తెలుపే వేయిద్దామా అంటే అదీ వద్దంటాను. డక్టులోంచి వచ్చే వెలుతురు ఎదుటి సిమెంటు గోడ మీద పడి వచ్చే వెలుతురు, అందులో నీలం, బూడిద కలిసి ఉంటాయి. దాని కింద స్వచ్ఛమైన తెలుపు తెల్లగా ఉండదు, వెలిసిపోయిన పంచె రంగులో ఉంటుంది, ఎంత తుడిచినా ఇంకా తుడవాలనిపిస్తుంది. అదే కొంచెం పసుపు కలిసిన రంగైతే, మీగడో గంధమో, ఆ చల్లటి వెలుతుర్లో కూడా కాస్త కళగా ఉంటుంది. మొత్తం ఒకటే రంగు కాకుండా సన్నటి ఇసుక చుక్కలో, లేత చారలో ఉన్న డిజైన్ చూసుకోండి, వెంట్రుకా పిండీ పడగానే కొట్టొచ్చినట్టు కనపడదు, నీళ్లు పడితే మాత్రం కనపడుతుంది. చెక్కలా కనపడే గోధుమరంగు టైల్స్ ఇప్పుడు బాగా వస్తున్నాయి, చాలామంది అడుగుతున్నారు, వెలుతురున్న ఇళ్లలో బాగుంటాయి, మీ ఇంట్లో ఆ రంగు సాయంత్రానికి దాదాపు నలుపే.

షాపులో చూసి నిర్ణయించుకోకండి. అక్కడ టైల్‌ని నిలువుగా స్టాండు మీద పెడతారు, పైనుంచి డజను లైట్లు వేస్తారు, ఆ వెలుతురు మీ వంటింట్లో ఏడాదంతా కలిపినా రాదు. నచ్చిన మూడు రకాల్లో ఒక్కో పలక శాంపిల్ ఇమ్మనండి, ఇవ్వకపోతే కొనుక్కోండి, మూడు పలకల డబ్బుకి పదేళ్ల చికాకు తప్పుతుంది. ఇంటికి తెచ్చి కింద పడుకోబెట్టండి, గోడకు ఆనించొద్దు, ఎందుకంటే నిలబెడితే ఒక రంగు, పడుకోబెడితే ఒక రంగు. ఒకటి పొయ్యి ముందు, ఒకటి సింకు ముందు, ఒకటి తలుపు దగ్గర, తర్వాత అటూ ఇటూ మార్చండి. మీరు వంట చేసే వేళల్లోనే చూడండి, పొద్దున్న ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఏడింటికి లైటు వేసి ఒకసారి. ఇప్పుడు పలక మీద చిటికెడు ఆవాలు, రెండు చింతగింజలు వేసి, ఓ చెంచాడు నీళ్లు పోసి, నిలబడి చూడండి, వంగొద్దు. నిలబడ్డ మనిషికి ఆ నీళ్ల అంచు కనపడుతోందా? మీ అత్తగారిని కూడా పిలిచి చూపించండి, ఆవిడ కళ్లకి కనపడిందే లెక్క. తర్వాత ఆ నీళ్ల మీదే రెండు చుక్కల నూనె వేసి, గోడ పట్టుకుని, ఉత్త కాలితో నెమ్మదిగా రాసి చూడండి. ఈ పరీక్ష మీరే చేయండి, అత్తగారితో వద్దు. ఏ పలక మీద కాలు సర్రున పోయిందో దాన్ని అక్కడే పక్కన పెట్టేయండి, రంగు ఎంత బాగున్నా సరే.

జారుడు గురించి కేటలాగులో ఆర్9, ఆర్10, ఆర్11 అని రాసి ఉంటుంది, అంకె పెరిగే కొద్దీ పట్టు ఎక్కువ. ఇంటి వంటగదికి ఆర్10 సరిపోతుంది. ఇంకా గరుకుగా పోతే, బాత్రూమ్‌కీ వాకిలికీ వేసేలాంటివి, గుంటల్లో నూనె జిడ్డు పట్టుకుని మాపుకి లొంగదు, బ్రష్ పెట్టి రుద్దాల్సిందే, అలాంటివి వద్దు.

పసుపు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పసుపు మరక ఎండ తగిలితే వెలిసిపోతుంది, బట్టల మీద పడ్డది ఆరేస్తే పోవడం మనందరికీ తెలుసు, నేల మీదదీ అంతే. మీ వంటింట్లో ఎండ రాదు కాబట్టి ఆ సాయం మీకు లేదు, పడిన మరక పడినట్టే కూర్చుంటుంది. అందుకే నీరు పీల్చని టైల్ తీసుకోవాలి, విట్రిఫైడ్ 0.5 శాతం లోపే పీలుస్తుంది, మామూలు సిరామిక్ అంతకు ఎన్నో రెట్లు. విట్రిఫైడ్‌లో కూడా పాలిష్ పట్టిన రకాలకి ఒక ఇబ్బంది ఉంది, పాలిష్ పట్టేటప్పుడు పైపొర అరిగి కంటికి కనపడని సన్నటి రంధ్రాలు తెరుచుకుంటాయి, వాటిని మూయడానికే నానో పాలిష్ అని పైన ఇంకో పూత వేస్తారు, ఆ పూత అరిగిన చోట మరక దిగుతుంది. పాలిష్ లేని గ్లేజ్ మ్యాట్ టైల్‌కి ఆ బాధ లేదు. షాపులో జీవీటీ మ్యాట్ అని అడగండి, అదే ఇది. కొనేముందు పలక పక్క అంచు కూడా తిప్పి చూడండి, పైన మీగడ రంగు ఉండి లోపల మట్టి ముదురు రంగులో ఉంటే, రేపు పొత్రమో కుక్కరో జారి పడి పెచ్చు లేచినప్పుడు ఆ చోట నల్లటి మచ్చలా కనపడుతుంది. లోపలి రంగు కూడా లేతగా ఉన్నదే ఎంచుకోండి.

ఇప్పుడు అసలు లెక్క ఒకటి వేద్దాం. మీ వంటిల్లు 80 చదరపు అడుగులు. ఎల్ ఆకారంలో 2 అడుగుల వెడల్పు గట్టు ఉందనుకుంటే, ఒక పక్క 10 అడుగులు, ఇంకో పక్క 6 అడుగులు, అదే 32 చదరపు అడుగులు కప్పేస్తుంది. ఫ్రిజ్ ఇంకో ఆరు. కంటికి కనపడే నేల 42 చదరపు అడుగులే. అంటే మొత్తం భారం నేల మీదే వేస్తే లాభం లేదు. కప్పు 80 చదరపు అడుగులూ ఖాళీగానే ఉంది, దానికి తెల్ల పెయింట్ వేయండి, మసి పడితే రెండేళ్లకోసారి మళ్లీ వేయండి. గట్టు పైన గోడకి తెల్లవో మీగడ రంగువో టైల్స్, అక్కడ కావాలంటే మెరిసేవి వేయించుకోండి, గోడ మీద ఎవరూ నడవరు, పోపు చిట్లితే తుడవడం కూడా తేలిక. కింది కప్‌బోర్డుల తలుపులు ముదురు రంగులో ఉంటే ముందు వాటి సంగతి చూడండి, నేలకి ఎదురుగా నిలబడేవి అవే కదా.

లైటు కూడా ఒకటి మధ్యలో పెట్టి వదిలేయకండి. మధ్య లైటుకి వీపు పెట్టి గట్టు వైపు నిలబడితే మన నీడే కూరగాయల మీద పడుతుంది, చాలా వంటిళ్లు చీకటిగా అనిపించడానికి కారణం అదే. పై అల్మరాల అడుగున, ముందు అంచుకి దగ్గరగా, సన్నటి ఎల్‌ఈడీ పట్టీ పెట్టించండి. బల్బు పెట్టె మీద కెల్విన్ అని ఒక అంకె ఉంటుంది, 6500 అంటే నీలం కలిసిన తెలుపు, 3000 అంటే పసుపు, మీరు తీసుకునే మీగడ రంగు నేలకి 4000 బాగుంటుంది, నేచురల్ వైట్ అని అమ్ముతారు. టైల్ శాంపిల్ చూసేముందే ఈ లైటు మార్చండి, లేకపోతే ఒక లైటు కింద చూసి కొని ఇంకో లైటు కింద బతకాల్సి వస్తుంది.

కొనేటప్పుడు పెట్టెల మీద షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు అన్నింటికీ ఒకటే ఉందో లేదో లారీ దిగకముందే చూసుకోండి. 2 అడుగుల పలకలైతే 80 చదరపు అడుగులకి 20 పడతాయి, కోతలకి, విరిగేవాటికి పదో వంతు కలిపితే 22. పెట్టెకి 4 చొప్పున వస్తాయి కాబట్టి 6 పెట్టెలు కొనండి, మిగిలినవి మంచం కింద దాచండి. మళ్లీ కావాలంటే ఆ షేడ్ దొరకదు, టైల్స్ తయారయ్యే గుజరాత్ మోర్బీలో డిజైన్లు అంత త్వరగా మారిపోతాయి.

వేయించేటప్పుడు ఒక్క విషయంలో మాత్రం మొండిగా ఉండండి. ఒకే పక్క నుంచి వెలుతురొచ్చే గదిలో ఆ వెలుతురు నేలను రాసుకుంటూ ఏటవాలుగా వస్తుంది, ఒక పలక అంచు పక్కదానికంటే వెంట్రుకవాసి లేచినా దాని నీడ గీతలా పడుతుంది. మేస్త్రి రసమట్టం పెట్టి చూస్తాడు, మీరు వేసిన రోజు సాయంత్రమే కిటికీకి ఎదురుగా కూర్చుని సెల్‌ఫోన్ టార్చ్ నేల మీద పెట్టి వెలిగించి చూడండి, ఎక్కడెక్కడ అంచులు లేచాయో అన్నీ తెలుస్తాయి. సిమెంటు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడైతే సరిచేస్తారు, వారం తర్వాత ఎవరూ రారు. తర్వాత రూపాయి బిళ్లతో ప్రతి పలకా నాలుగు మూలలా కొట్టి వినండి, డొల్ల శబ్దం వచ్చిన చోట కింద మాలు లేదని అర్థం, అక్కడ సిలిండర్ పడితే పగులుతుంది. మీ పాత టైల్స్ నాలుగైదు చోట్ల పగిలాయన్నారు, బహుశా కారణం అదే అయి ఉంటుంది.

ప్రశ్న: బేతంచెర్ల దగ్గర పల్లెలో కొత్త ఇల్లు కడుతున్నాం. వంటిల్లు ఇంటి మధ్యలో పడింది, రెండు పక్కలా గదులే, వెనక వైపు పశువుల కొట్టం. మా నాన్న బండలే పరిపిద్దాం, చేతికందేంత దూరంలో దొరుకుతుంటే టైల్స్ ఎందుకు అంటున్నాడు. బండలు వేస్తే చీకటి అవుతుందా?
– ఆర్., నంద్యాల జిల్లా

జవాబు: మీ నాన్నగారి మాట వినండి, బండ మంచిదే. వేసవిలో కాలికి చల్లగా ఉంటుంది, నున్నగా పాలిష్ చేయకపోతే జారదు, యాభై ఏళ్లు చెక్కుచెదరకుండా ఉన్నవి నేను చూశాను. కాకపోతే రాళ్లలో లేత రంగు ఏరుకోవాలి. బేతంచెర్లలో రకరకాల రంగులు దొరుకుతాయి, మీరు దగ్గర్లోనే ఉన్నారు కాబట్టి పొద్దున్నే వెళ్లి, బండ మీద నీళ్లు చల్లించి చూడండి, పొడిగా ఉన్నప్పుడు లేతగా కనపడి తడిస్తే ముదురయ్యే బండలు కొన్ని ఉంటాయి, వంటిల్లు సగం సేపు తడిగానే ఉంటుంది కదా. వికారాబాద్ జిల్లా తాండూరు పసుపు బండ కూడా చీకటి గదులకి బాగుంటుంది, తాండూరులోనే నీలం రకం మాత్రం వద్దు.

బండల్లో ఏ రెండూ ఒక రంగులో ఉండవు, దాన్ని మీకు అనుకూలంగా వాడుకోండి. మాలు వేయకముందే అన్నీ వాకిట్లో పరిపించి, లేతవి ఒక కుప్ప, ముదురువి ఒక కుప్ప చేయించండి. ముదురువి తలుపు దగ్గరా, గట్టు కిందా, లేతవి వెలుతురు అందని మూలలకీ పొయ్యి ముందుకీ వేయించండి. మేస్త్రి విసుక్కుంటాడు, మీరు పక్కనే ఉంటే చేస్తాడు.

ఈ బండలన్నీ సున్నపురాయి, పులుపు పడదు. చింతపండుతో ఇత్తడి బిందెలు తోమే అలవాటుంటే వంటింట్లో కింద పెట్టి తోమొద్దు, బాత్రూమ్ కడిగే యాసిడ్ అసలు తాకనివ్వొద్దు, పైన బుసబుసమని నురగ వచ్చి నునుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది, ఆ మచ్చ మళ్లీ పాలిష్ పెడితేగానీ పోదు. నిమ్మకాయ పచ్చడి పెట్టేరోజు కింద ఓ పాత దుప్పటి పరుచుకోండి.

అయినా మీకు నేలకంటే పెద్ద అవకాశం ఒకటి ఉంది, ఇల్లు ఇంకా కడుతున్నారు. స్లాబు వేయకముందే వంటింటి పైన 2 అడుగుల చదరం గవాక్షం వదలమని చెప్పండి. చుట్టూ అరడుగు ఎత్తు గోడ లేపి, దాని మీద గట్టి అద్దం వాటంగా బిగిస్తే వాన నీళ్లు నిలవవు, లోపలికి రావు. మన పాత పెంకుటిళ్లలో పొయ్యి పైన ఒకటో రెండో అద్దం పెంకులు వేసేవాళ్లు, మధ్యాహ్నం ఆ వెలుతురు చదరంగా నేల మీద పడి జరుగుతూ ఉండేది, మా అమ్మమ్మ దాన్ని చూసి పిల్లలు బడి నుంచి వచ్చే వేళయిందని చెప్పేది. స్లాబు వేసేశాక కోయడం కష్టం, ఇనుము తెగుతుంది, కాబట్టి ఈ వారమే ఇంజినీర్‌తో మాట్లాడండి. పక్క గదుల గోడల్లో తలుపుల పైన వెంటిలేటర్లు పెట్టించినా అరువు వెలుతురు వస్తుంది.

ప్రశ్న: పాత టైల్స్ పగలగొట్టకుండా వాటి మీదే కొత్తవి వేయొచ్చంటున్నారు. వంటిల్లు చిన్నది, చీకటి, ముదురు ఆకుపచ్చ టైల్స్. దుమ్ముకి మా పాపకి ఆయాసం వస్తుంది.
– పి.వి., రాజమహేంద్రవరం

జవాబు: వేయొచ్చు, పాపకి ఆయాసం ఉంది కాబట్టి మీకు అదే మంచిది కూడా. కానీ పాతవి గట్టిగా ఉంటేనే. పైన చెప్పిన రూపాయి బిళ్ల పరీక్ష చేయండి, డొల్లగా ఉన్నవి ఆ ఒక్కటీ తీయించి నింపించి, మిగతావాటి మీద జిడ్డంతా వదిలేలా కడిగించండి. మామూలు సిమెంటు పాత టైల్ నునుపుని పట్టుకోదు, టైల్ మీద టైల్‌కని ప్రత్యేకంగా వచ్చే అడ్హెసివ్ వాడాలి, మేస్త్రి సిమెంటు పాలు చాలంటే ఒప్పుకోవద్దు. పలక మందం, అడ్హెసివ్ కలిపితే నేల అరంగుళానికి పైనే లేస్తుంది. తలుపు కింద కోయాల్సి రావచ్చు, గట్టు కింద వాషింగ్ మెషిన్ ఉంటే అది మళ్లీ దూరుతుందో లేదో టేపు పెట్టి కొలవండి. అన్నింటికంటే ముఖ్యం, హాలుకీ వంటింటికీ మధ్య ఆ అరంగుళం మెట్టు పాప కాలికి తగలకుండా గడప దగ్గర ఏటవాలు పట్టీ వేయించి, దాన్ని నేలకంటే వేరే రంగులో పెట్టించండి. చీకట్లో కనపడని చిన్న మెట్టు పెద్ద మెట్టుకంటే ప్రమాదం.

ప్రశ్న: మేం మీరు చెప్పినట్టే లేత రంగు టైల్స్ వేయించాం, రెండేళ్లకే జాయింట్లన్నీ నల్లబడ్డాయి. చారలు చారలుగా చూడలేకపోతున్నాం. యాసిడ్ పోయమంటారా?
– డి., విజయవాడ

జవాబు: పోయొద్దు, దయచేసి. జాయింట్లలో ఉన్నది సిమెంటు, యాసిడ్ దాన్ని కరిగిస్తుంది, ఒకసారి తెల్లబడుతుంది, తర్వాత గుల్లబారి ఇంకా ఎక్కువ జిడ్డు పీలుస్తుంది. ఇప్పటికైతే వంటసోడా ముద్దలా కలిపి జాయింట్ల మీద పట్టించి, పావుగంటాగి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది, వేణ్నీళ్లతో తుడవండి. పోయినంత పోతుంది, మిగిలింది మిగులుతుంది. ఆ తర్వాత వీలు చూసుకుని జాయింట్లు పైపైన గీయించి సిమెంటు బదులు ఎపాక్సీ అనే రెసిన్ పూడిక నింపించండి. దానికి ఖర్చు ఎక్కువ, మేస్త్రికి చేయి తిరిగి ఉండాలి, పలక మీద అంటినది వెంటనే తుడవకపోతే పొరలా గట్టిపడుతుంది, కానీ నీళ్లనూ నూనెనూ పీల్చదు. రంగు తెలుపు వద్దు, టైల్ కంటే ఒక్క పిసరు ముదురు తీసుకోండి. పలకల మధ్య సందే లేకుండా అంటించేశారేమో కూడా చూడండి, కనీసం 2 మిల్లీమీటర్లన్నా లేకపోతే ఎపాక్సీ లోపలికి దిగదు, అలాంటి చోట గీయించేటప్పుడు అంచులు పెచ్చులేస్తాయి, ముందే మేస్త్రికి చెప్పి ఒక మూలలో చేయించి చూసుకోండి.

ప్రశ్న: బెంగళూరులో అద్దె ఇల్లు, గ్రౌండ్ ఫ్లోర్. వంటింట్లో నల్ల బండ, కిటికీ ఎదురుగా కాంపౌండ్ గోడ. ఓనర్ ఏమీ మార్చనివ్వరు. తెల్ల వినైల్ షీట్ అంటించుకోవచ్చా?
– కె.టి., బెంగళూరు

జవాబు: జిగురుతో అంటించొద్దమ్మా. గ్రౌండ్ ఫ్లోర్‌లో కింద నుంచి చెమ్మ వస్తుంది, షీట్ కింద చిక్కుకుని వాసన పడుతుంది, ఖాళీ చేసేటప్పుడు జిగురు బండ నుంచి రాదు, అడ్వాన్స్‌లో కోస్తారు. పైగా మనకి అన్నం గిన్నె దించి కింద పెట్టే అలవాటు, ఆ వేడికి వినైల్ మాడి గుండ్రటి మచ్చ పడుతుంది. దానికి బదులు సింకు ముందూ పొయ్యి ముందూ లేత రంగు నూలు పట్టాలు, కింద జారకుండా రబ్బరు జాలీ వేసి పరుచుకోండి, వారానికోసారి తీసి ఉతికి ఆరేయండి, ఆ రోజు బండ కూడా ఆరుతుంది. ఓనర్‌ని ఒక్కటి అడిగి చూడండి, నేల ముట్టుకోను, కిటికీ ఎదురుగా ఉన్న కాంపౌండ్ గోడకి మా డబ్బుతోనే తెల్ల సున్నం వేయించుకుంటాం అని. దానికి వద్దనే ఓనర్లు తక్కువ, ఒక్క డబ్బా పని, వేసిన మర్నాడు పొద్దున్న మీ గట్టు మీద తేడా చూసి నాకు రాయండి.